మద్రాసు నుండి మలయాకు ఎంత దూరం?

మన ఆదివారపు తెలుగు బడిలో ఒకనాడు పిల్లల ముందు భూగోళం పెట్టి, మన పెద్దలు ఏ రేవులో ఓడ ఎక్కి ఏ దేశంలో దిగారో దారాలు అంటించి చూపించాము. ఆ బడికి వచ్చే పిల్లల ముత్తాతలు ఒక్క దేశానికి వెళ్లినవారు కారు. ఫిజీ చెరకు తోటల నుండి శాక్రమెంటో, హేవర్డ్, మొడెస్టోలకు వచ్చిన కుటుంబాలు కొన్ని. మారిషస్, నేటాలు, మలయాల నుండి వచ్చినవి మరికొన్ని. అందుకని మద్రాసు దగ్గర నుండి నాలుగు దారాలు నాలుగు దిక్కులకు పోయాయి. వాటిలో మలయా దారం అన్నిటికంటె పొట్టిది.

తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు ఆ దారాన్ని వేలితో కొలిచి, "ఇది ఇంత దగ్గర కదా! మరి మా ముత్తాత మళ్లీ ఇంటికి ఎందుకు వెళ్లలేదు?" అని అడిగాడు. పక్కనే ఉన్న వాడి అక్క ఫోనులో చూచి, "విమానంలో నాలుగు గంటలేనట" అన్నది. అక్కడున్న పెద్దలం ఒక్కరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

పిల్లవాడు అడిగినది మంచి ప్రశ్న. దూరం అనే ఒక్క మాటలో మూడు లెక్కలు కలిసి ఉన్నాయి. ఒకటి భూమి మీది కొలత. రెండవది ప్రయాణానికి పట్టే కాలం. మూడవది తిరిగి రావడానికి మనిషికి ఉన్న వీలు. మొదటి లెక్క ఎన్నటికీ మారదు. రెండవది యంత్రాన్ని బట్టి, గాలిని బట్టి మారుతుంది. మూడవది చట్టాన్ని బట్టి, చేతిలోని డబ్బును బట్టి మారుతుంది. ఈ మూడింటినీ విడదీసి చూస్తే పిల్లవాడికి జవాబు దొరుకుతుంది.

భూమి మీది కొలత

మద్రాసును 1996 నుండి చెన్నై అంటున్నాము. చెన్నై మీనంబాకం విమానాశ్రయం నుండి కౌలాలంపూరు విమానాశ్రయానికి సుమారు 2,630 కిలోమీటర్లు. అమెరికాలో మనం వాడే లెక్కలో సుమారు 1,630 మైళ్లు. ఇక్కడి పిల్లలకు చెప్పాలంటే డెన్వర్ నుండి న్యూయార్కు ఎంత దూరమో ఇదీ అంతే.

విమానాశ్రయం అని విడిగా చెప్పడానికి కారణం ఉన్నది. కౌలాలంపూరు వెళ్లే విమానం కౌలాలంపూరులో దిగదు. 1998లో తెరచిన విమానాశ్రయం నగరానికి దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో సెపాంగ్ వద్ద ఉన్నది. అంతకు ముందు 1965 నుండి ఊరికి దగ్గరగా ఉన్న సుబాంగ్‌లో దిగేవారు. 1981లో కౌలాలంపూరులో జరిగిన రెండవ ప్రపంచ తెలుగు మహాసభలకు విమానంలో వెళ్లినవారు దిగినది ఆ సుబాంగ్‌లోనే.

తెలుగునేల నుండి కొలిచినా లెక్క పెద్దగా మారదు. విశాఖపట్నం నుండి కౌలాలంపూరుకు సుమారు 2,610 కిలోమీటర్లు, అంటే మద్రాసుతో దాదాపు సమానం. విశాఖ ఉత్తరాన ఉన్నప్పటికీ తూర్పుకు జరిగి ఉండడం వలన రెండూ సరిపోయాయి. హైదరాబాదు లోపలికి ఉన్నది కనుక అక్కడి నుండి సుమారు 3,010 కిలోమీటర్లు.

ఈ కొలతలు గోడ మీది పటం చూచి తీసినవి కావు. గోళం మీద రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగించి లాగితే అది ఏ దారిన నిలుస్తుందో అదే అతి దగ్గరి దారి. పటంలో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి టోక్యోకు తిన్నగా పడమరకు గీత గీస్తాము. గోళం మీద దారం పెట్టి లాగితే అది పైకి జరిగి అలాస్కా వైపున్న అల్యూషియన్ దీవుల దగ్గరగా పోతుంది. విమానాలు పోయేదీ ఇంచుమించు ఆ దారినే. భూమధ్యరేఖకు దగ్గరలో ఈ తేడా తక్కువ. అందువలన మద్రాసు, కౌలాలంపూరుల మధ్య పటంలోని గీత, గోళం మీది దారం దాదాపు ఒకే చోట పడతాయి.

నావికులకు, విమానం నడిపేవారికి మరొక మైలు ఉన్నది. భూమి చుట్టుకొలతను 360 భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని మళ్లీ 60 చేస్తే వచ్చేది ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు పోతే దానిని ఒక నాట్ వేగం అంటారు. ఆ లెక్కలో మద్రాసు, కౌలాలంపూరుల మధ్య దూరం సుమారు 1,420. ఓడల దగ్గరికి వచ్చినప్పుడు ఈ మైలు మనకు మళ్లీ పనికివస్తుంది.

టిక్కెట్టు మీది నాలుగు గంటలు

ఇప్పటి ప్రయాణికుల జెట్ విమానం పైకి చేరిన తరువాత గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 2,630ని 830తో భాగిస్తే మూడు గంటల పది నిమిషాలు వస్తుంది. పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికి, నేల మీద దొర్లడానికి మరొక 40 నిమిషాలు కలపండి. మూడు గంటల యాభై నిమిషాలు అవుతుంది. టిక్కెట్టు మీద ఉండేదీ దాదాపు ఇదే. ఈ చిన్న లెక్క తెలిస్తే ఏ రెండు ఊళ్ల మధ్యనైనా విమానకాలాన్ని మన పిల్లలు కాగితం మీద తామే వేసుకోవచ్చును.

అయితే టిక్కెట్టు మీది కాలం విమానం ఇక్కడ కదలిన క్షణం నుండి అక్కడ ఆగిన క్షణం వరకే. ఇంటి నుండి విమానాశ్రయానికి వెళ్లడం, మూడు గంటల ముందు వరుసలో నిలబడడం, దిగిన తరువాత పాస్‌పోర్టు తనిఖీ, పెట్టెల కోసం కాచుకోవడం, యాభై కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం ఇందులో చేరవు. ఇవన్నీ కలిపితే నాలుగు గంటల ప్రయాణం తొమ్మిది, పది గంటలు అవుతుంది.

గడియారం కూడా మనలను తికమక పెడుతుంది. మలేసియా గడియారం భారతదేశం కంటె రెండున్నర గంటలు ముందున్నది. ఉదయం పది గంటలకు మద్రాసులో బయలుదేరితే కౌలాలంపూరులో దిగేటప్పటికి అక్కడ సాయంకాలం నాలుగున్నర. అదే ఉదయం పది గంటలకు కౌలాలంపూరులో బయలుదేరితే మద్రాసులో దిగేటప్పటికి పదకొండున్నర. టిక్కెట్టు చూచినవారికి పోవడానికి ఆరున్నర గంటలు, రావడానికి గంటన్నర అనిపిస్తుంది. నిజానికి రెండూ నాలుగేసి గంటలే.

1981 మహాసభల నాటికి ఈ తేడా రెండు గంటలు మాత్రమే. మలేసియా 1982 జనవరి 1న తన గడియారాన్ని అరగంట ముందుకు జరుపుకొన్నది. భూమి కదలలేదు, విమానం మారలేదు, కాని కాగితం మీది లెక్క మారిపోయింది. ఫిజీ నుండి వచ్చిన మన వారికి ఇటువంటి చిత్రం కొత్త కాదు. గురువారం రాత్రి లాస్ ఏంజెలెస్‌లో ఎక్కితే పదకొండు గంటల ప్రయాణమే అయినా నాందిలో దిగేటప్పటికి శనివారం తెల్లవారుతుంది. నడుమ శుక్రవారాన్ని దినరేఖ మింగివేస్తుంది.

గాలివాటం

ఓడలకు తెరచాపలు పోయినా గాలివాటం లెక్క పోలేదు. లాస్ ఏంజెలెస్ నుండి న్యూయార్కుకు ఐదు, ఐదున్నర గంటలలో చేరే విమానం తిరిగి రావడానికి ఆరు గంటలు దాటి తీసుకొంటుంది. పదికిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పుకు వేగంగా పారే గాలి ప్రవాహం దీనికి కారణం. దానిని జెట్ స్ట్రీమ్ అంటారు.

దక్షిణ భారతదేశం మీద వానకాలంలో దీనికి ఎదురుగా, తూర్పు నుండి పడమటికి పారే ప్రవాహం ఒకటి ఉన్నది. దానిని 1958లో శాస్త్రలోకానికి వివరించినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడైన పంచేటి కోటేశ్వరం గారు. ఆయన తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఆ నెలలలో మద్రాసు నుండి మలయా వైపు పోయే విమానానికి ఎదురుగాలి, వచ్చే విమానానికి వెనుకగాలి. నాలుగు గంటల ప్రయాణంలో అది కొన్ని నిమిషాల తేడా మాత్రమే.

దూరం, కాలం ఒకటి కావని చెప్పడానికి ఇంకొక గొప్ప ఉదాహరణ మన కాలిఫోర్నియా సంగతే. ఎయిర్ ఇండియా ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆగకుండా వెళ్లే విమానాన్ని 2015 డిసెంబరులో ప్రారంభించి, మొదట అట్లాంటిక్ మీదుగా నడిపింది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా నడిపి చూచారు. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 కిలోమీటర్లకు చేరింది. అయినా వెనుకగాలి తోడుకావడంతో పద్నాలుగున్నర గంటలలో చేరుకొన్నారు. దూరం పెరిగి కాలం తగ్గింది.

దీనికి విపరీతం కూడా ఉన్నది. 2019 ఫిబ్రవరి నుండి జూలై వరకు పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసినప్పుడు ఢిల్లీ నుండి పడమటికి పోయే విమానాలు చుట్టుతిరిగి వెళ్లవలసి వచ్చింది. గాలి వలన కాలం మారినట్లే ప్రభుత్వాల మాట వలన కూడా మారుతుంది. ఈ సంగతి మన పెద్దలకు మనకంటె బాగా తెలుసు.

మన పెద్దల లెక్క

ఇప్పుడు ఓడ దగ్గరికి వద్దాము. మద్రాసు నుండి పినాంగ్ రేవుకు సముద్రం మీద సుమారు 1,280 నాటికల్ మైళ్లు. గంటకు 12 నాట్ల వేగంతో పోయే ఆవిరి ఓడకు ఇది 107 గంటలు, అంటే నాలుగున్నర రోజులు. దారిలో నాగపట్నంలో ఆగి, పినాంగ్ తరువాత పోర్ట్ స్వెటెన్‌హామ్‌కు పోయేటప్పటికి వారం రోజులు పట్టేది. 1926లో గ్లాస్గోలో కట్టిన రజూలా ఓడ ఈ దారిలో దాదాపు యాభై ఏళ్లు తిరిగింది. మలయాలోని మన ఇళ్లలో ఆ పేరు వినని పెద్దలు అరుదు. దాని తరువాత చిదంబరం అనే ఓడ నడిచింది. 1985లో అందులో జరిగిన అగ్నిప్రమాదంతో ఆ దారిలో యాత్రికుల ఓడల కాలం ముగిసింది.

మిగిలిన దారాలు ఇంకా పొడవైనవి. 1860 అక్టోబరులో మద్రాసు విడిచిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది, అంటే ఐదు వారాలు. 1879లో కలకత్తా విడిచిన లియోనిడాస్ తెరచాప ఓడకు ఫిజీ చేరడానికి 72 రోజులు పట్టింది. మద్రాసు నుండి ఫిజీకి మనుషులను చేర్చుకోవడం 1903లో మొదలయ్యేటప్పటికి ఆవిరి ఓడలు వచ్చాయి, ప్రయాణం నెలకు తగ్గుతూ వచ్చింది.

టిక్కెట్టు మీది కాలం వంటిదే ఈ ఓడ కాలం కూడా. ప్రయాణమంతా ఇందులో లేదు. ఊరి నుండి మద్రాసు డిపోకు చేరడం, అక్కడ వైద్య పరీక్ష, ఓడ వచ్చేవరకు కాచుకొని ఉండడం ముందు ఉన్నాయి. మలయాలో దిగిన తరువాత పినాంగ్ దగ్గరి జెరెజాక్ దీవిలో అంటురోగాల భయంతో ఆపి ఉంచడం, అక్కడి నుండి తోటకు చేరడం వెనుక ఉన్నాయి. వారం రోజుల సముద్రం చుట్టూ మరెన్నో వారాలు ఉన్నాయన్నమాట.

ఇక మూడవ లెక్క, తిరిగి రావడానికి ఉన్న వీలు. పిల్లవాడి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ ఉన్నది. ఫిజీ గిరిమిట్ ఐదేళ్లది. ఐదేళ్లు నిండితే సొంత ఖర్చుతో తిరిగి పోవచ్చును. ప్రభుత్వ ఖర్చుతో పోవాలంటే పదేళ్లు ఉండాలి. కనుక ఓడ ఛార్జీ లేని మనిషికి సువా నుండి మద్రాసుకు దూరం నెల కాదు, పది సంవత్సరాలు. పదేళ్లలో అక్కడ తల్లిదండ్రులు పోయి ఉంటారు, ఇక్కడ పిల్లలు పుట్టి ఉంటారు.

మలయాలో ఓడ ప్రయాణం నాలుగు రోజులే. కాని ఒప్పందపు రోజులలో ఆ ఓడ ఖర్చు, ముందు ఇచ్చిన డబ్బు కూలివాని పద్దులో రాసి కూలిలో కోసేవారు. గడువు తీరకముందు తోట విడిచిపోతే అది నేరం, జైలుకు పంపేవారు. ఒప్పందపు కూలీల రాక 1910లో ఆగి, కంగాణీల ద్వారా మనుషులను తెచ్చే పద్ధతి నిలిచింది. 1938లో భారత ప్రభుత్వం కూలీలు మలయాకు పోవడాన్ని నిషేధించింది. 1942 నుండి 1945 వరకు జపాను ఆక్రమణలో దారే మూసుకుపోయింది. 1957లో మలయా స్వతంత్రమైన తరువాత ఒకే కుటుంబంలోని అన్నదమ్ములు రెండు దేశాల పౌరులయ్యారు. దారం పొట్టిదే, కాని దానికి పడిన ముడులు ఇన్ని.

అయినప్పటికీ మన వారు భాషను విడువలేదు. దిగువ పేరాక్ తోటల దగ్గర బాగాన్ దాతో వంటి చోట్ల తెలుగువారు గుంపుగా నిలిచారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది. ఫిజీలో 1941లో, దక్షిణాఫ్రికాలో 1931లో, మారిషస్‌లో 1946లో ఆంధ్ర సంఘాలు పుట్టాయి. రేవు దగ్గరైన వారు, దూరమైన వారు కూడా చేసిన పని ఒక్కటే.

అమెరికా నుండి వెళ్లదలచినవారికి

ఇక్కడ పుట్టిన మన పిల్లలకు తోటనూ, ఊరినీ ఒకే ప్రయాణంలో చూపాలని అనుకొనే కుటుంబాలు ఉన్నాయి. మలయా సంతతి వారికి ఇది సులభమైన దారి. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి సింగపూరుకు ఆగకుండా వెళ్లే విమానం 2016లో మొదలైంది. దూరం సుమారు 13,600 కిలోమీటర్లు, కాలం పదహారు, పదిహేడు గంటలు. సింగపూరు నుండి కౌలాలంపూరు గంట ప్రయాణం. తోట చూచుకొని, అక్కడి నుండి మద్రాసుకో హైదరాబాదుకో నాలుగు గంటలు. విశాఖకు నేరుగా కూడా విమానాలు నడిచిన కాలం ఉన్నది. 2024 ఏప్రిల్‌లో ఎయిర్ ఏషియా కౌలాలంపూరు నుండి విశాఖకు విమానాన్ని మళ్లీ ప్రారంభించింది. అయితే ఇటువంటి చిన్న మార్గాలు ఒక ఏడు ఉండి మరుసటి ఏడు లేకపోవచ్చును. బయలుదేరే ముందు విచారించుకోవడం మంచిది.

పెద్దవారిని వెంట తీసుకుపోయేవారు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, విమాన గంటలను కాక ఇంటి గుమ్మం నుండి గుమ్మానికి పట్టే గంటలను లెక్కవేయండి. డెబ్భై దాటిన వారికి నడుమ రెండు రాత్రులు విశ్రాంతి ఇవ్వండి. రెండవది, రెండు కంపెనీల టిక్కెట్లు విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండవ కంపెనీకి బాధ్యత ఉండదు. పెట్టెలు కూడా మీరే దింపుకొని మళ్లీ ఇవ్వవలసి రావచ్చును. అటువంటప్పుడు ఒక పూట ఎడం ఉంచండి. మూడవది, పాస్‌పోర్టులోని పేరు. ఓడ దిగిన రోజున మన పెద్దలకు చాలామందికి ఒక్క పేరే రాశారు. ఇంటిపేరు లేకుండా పోయింది, లేదా తండ్రి పేరే ఇంటిపేరు అయింది. పాస్‌పోర్టులో ఎట్లా ఉంటే వీసాలోనూ, టిక్కెట్టులోనూ అక్షరం తేడా లేకుండా అట్లాగే రాయించండి.

చివరి ఇరవై మైళ్లు

ప్రపంచాన్ని సగం చుట్టి విశాఖలో దిగిన తరువాత అసలు కష్టం మొదలవుతుంది. ఊరు ఎక్కడ? అక్కడికి దారి చూపేది విమానకంపెనీ కాదు, మన పెద్దల వలస పాసు. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం రాసి ఉంటాయి. ఫిజీ పాసులు సువాలోని జాతీయ పత్రభాండాగారంలో, మారిషస్ దస్తావేజులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. నేటాలు ఓడల జాబితాలు కూడా దక్షిణాఫ్రికా ప్రభుత్వ భాండాగారాలలో ఉన్నాయి.

పాసులో "వైజాగపటం జిల్లా" అని ఉంటే అది నేటి విశాఖపట్నం జిల్లా అని అనుకోవద్దు. 1950లో శ్రీకాకుళం విడిపోయింది. 1979లో విజయనగరం ఏర్పడింది. 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. "గంజాం" అని ఉంటే ఆ ఊరు నేడు ఒడిశాలో ఉండవచ్చును. 1936లో ఆ జిల్లాలో చాలా భాగం అటు పోయి, కొన్ని తాలూకాలు ఇటు నిలిచాయి. "ఉత్తర ఆర్కాటు" అని ఉంటే తమిళనాడులోనైనా, 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలోనైనా వెదకవలసి ఉంటుంది. కనుక జిల్లా పేరు కంటె తాలూకా పేరును, గ్రామం పేరును పట్టుకోండి. దొరల గుమాస్తా రాసిన అక్షరాలను కళ్లతో చదివితే అర్థం కాకపోవచ్చును. పైకి పలికి చూస్తే ఊరి పేరు తానే వినపడుతుంది.

మరుసటి ఆదివారం ఆ పిల్లవాడికి ఈ మూడు లెక్కలూ చెప్పాము. "ఇప్పుడు నాలుగు గంటలే కదా నాన్నా. మీ ముత్తాతకు వెళ్లేటప్పుడు నాలుగు రోజులు, తిరిగి రావడానికి ఒక జన్మ చాలలేదు" అన్నాము. వాడు కొంచెం ఆలోచించి, దారం పక్కన అంటించడానికి చిన్న కాగితం అడిగాడు. దాని మీద ఊరి పేరు రాద్దామని తండ్రిని అడిగితే ఆయనకు తెలియదు. ఆ సాయంకాలం ఆయన మలేసియాలో ఉన్న తన మేనత్తకు ఫోను చేశారు. ఎనభై ఆరేళ్ల ఆమె ఊరి పేరు, పక్కనున్న ఏటి పేరు కూడా చెప్పింది.

ఇటువంటి మేనత్తలు మన ఇళ్లలో ఎందరు మిగిలి ఉన్నారు? 2,630 కిలోమీటర్లు ఎక్కడికీ పోవు, వచ్చే ఏడు కూడా అంతే ఉంటాయి. ఊరి పేరు తెలిసిన మనిషి ఉండకపోవచ్చును. పాఠకులు ఈ వారంలోనే తమ పెద్దలను అడిగి ఊరు, రేవు, ఓడ, సంవత్సరం అనే నాలుగు మాటలు రాసి పిల్లల చేతిలో పెట్టవలసిందిగా మా మనవి. టిక్కెట్టు తరువాత కొనవచ్చును.